కంప్యూటర్ ముందు కూర్చునేవారికి స్మార్ట్ హోమ్: విజయనగరం తోటపాలెంలో ఒక కేస్ స్టడీ

విజయనగరం తోటపాలెంలో రెండంతస్తుల ఇల్లు. కింద వీధి వైపు గదుల్లో ఆఫీసు, వెనకా పైనా కాపురం. ఆఫీసు ఆ ఇంటి కోడలిది. ఆవిడ ఆదాయపు పన్ను, జీఎస్టీ రిటర్నులు చూస్తారు, ఇద్దరు సహాయకులున్నారు. మూడు విండోస్ కంప్యూటర్లు ఉదయం ఆన్ అయితే రాత్రి ఎనిమిదింటికి గానీ ఆగవు. మామగారు హైస్కూలు ప్రధానోపాధ్యాయులుగా రిటైరయ్యారు. వీధిలో అందరిలాగే నేనూ ఆయన్ని మాస్టారు అంటాను.

ఆ ఇంట్లో అప్పటికే కొంత స్మార్ట్ సామాను ఉంది. బోరు మోటారుకు ఒక కంపెనీ వైఫై స్విచ్చు, గీజరుకూ గేటు లైటుకూ మరో కంపెనీవి, నాలుగు కెమెరాలకు ఒక రికార్డరు. ఫోనులో మూడు యాప్‌లు, మూడు పాస్‌వర్డులు. ఇంటర్నెట్ ఆగిన రోజున మొదటి రెండు యాప్‌లూ పనిచేయవు. మేడ మీద ఉన్న మోటారు స్విచ్చుకు కింద గదిలోంచి ఇచ్చే ఆజ్ఞ ఎక్కడో దూరాన ఉన్న సర్వరుకు వెళ్లి తిరిగి రావాలి. అందుకే.

ఇళ్లలో స్మార్ట్ ఏర్పాట్లు చేసే నన్ను ఆవిడ పిలిచి అడిగింది సూటిగా ఉంది. "నా ఫోను రోజంతా సొరుగులో ఉంటుందండీ. ఇవన్నీ నా కంప్యూటర్లోనే కనబడాలి. దానికి విడిగా ఒక సాఫ్ట్‌వేర్ వేయాలి కదా, ఏది మంచిది?"

ఈ ప్రశ్న నాకు కొత్తది కాదు. ఇంటి ముందు గదిలో క్లినిక్ నడిపే డాక్టర్లు, స్కూలు నడిపేవారు, పలాస వైపు జీడిపప్పు పరిశ్రమల యజమానులు, రాజాం వైపు వ్యాపారులు, అందరూ పొద్దున్నుంచి డెస్క్‌టాప్ ముందు కూర్చునేవారే. స్మార్ట్ హోమ్ తయారీదారులు మాత్రం మనిషి చేతిలో ఎప్పుడూ ఫోను ఉంటుందనే లెక్కలోనే సాఫ్ట్‌వేర్ రాస్తారు. కాబట్టి ఈ ఇంటి పనిని కొంచెం వివరంగా రాస్తున్నాను. నా నిర్ణయం ముందే చెబుతాను: ఇంటిని చూడడానికి, స్విచ్చులు వేయడానికి విడిగా డెస్క్‌టాప్ యాప్ అక్కరలేదు, బ్రౌజరు చాలు. కంప్యూటర్ కూడా ఇంటి మాట వినాలంటే మాత్రం, అంటే కబురు అందుకోవాలన్నా, కరెంటు పోతే భద్రంగా ఆగాలన్నా, ఒక చిన్న సహాయక ప్రోగ్రాము తప్పనిసరి. ఈ రెండు అవసరాలను విడదీయకుండా బజారుకు వెళ్తే డబ్బు దండగవుతుంది.

ఆవిడ డెస్కు దగ్గర

ఏ సాఫ్ట్‌వేరూ చెప్పకముందు, ఆఫీసు జోరుగా నడిచే మధ్యాహ్నం ఒకటి అక్కడే కూర్చుని చూశాను. జీఎస్టీఆర్-3బీ అనే నెలవారీ రిటర్నుకు గడువైన 20వ తేదీ దగ్గర పడుతోంది. తెర మీద సగం లెక్కల సాఫ్ట్‌వేర్ ట్యాలీ, సగం జీఎస్టీ పోర్టల్. ఎదురుగా ఇద్దరు క్లయింట్లు. ఫోను సొరుగులో, శబ్దం లేకుండా. గంటలో ఆవిడ కళ్లు తెర మీంచి పక్కకు మళ్లింది గేటు చప్పుడైనప్పుడే. లేచి వెళ్లి కిటికీలోంచి చూసి వచ్చారు. కాసేపటికి వంటింట్లోంచి అత్తగారి కేక: "అమ్మా, కుళాయిలో నీళ్లు రావట్లేదు." ట్యాంకు అడుగంటింది. సహాయకుల్లో ఒకరు లేచి వెళ్లి మోటారు వేశారు.

ఆ మధ్యాహ్నం నేను రాసుకున్న అవసరాలు నాలుగే. ట్యాంకులో నీళ్లు తగ్గితే తెలియాలి, కూర్చున్న చోటి నుంచే మోటారు వేయగలగాలి. గేటు దగ్గర ఎవరున్నారో కనబడాలి. అందరూ భోజనానికి వెళ్లినా తిరుగుతూనే ఉండే ఆఫీసు ఏసీ ఆగాలి. కరెంటు పోయి ఇన్వర్టర్ బ్యాటరీ అయిపోయేలోగా మూడు కంప్యూటర్లూ పద్ధతిగా ఆగాలి.

ఇందులో ఏ ఒక్కదానికీ ఇంటి బొమ్మలతో నిండిన కిటికీ ఒకటి తెర మీద నిత్యం తెరిచి ఉంచాల్సిన పని లేదు. అసలు ఆ చోటు ఆవిడ తెర మీద లేదు. మొదటి రెండు అవసరాలూ ఆవిడ వేరే పనిలో మునిగి ఉన్నప్పుడు ఎదుటికి రావాలి. చివరి రెండింట్లో ఆవిడ చేయవలసిందేమీ లేదు; కంప్యూటర్, ఇల్లు తమలో తాము మాట్లాడుకోవాలి. క్లయింటు "యాప్ కావాలి" అన్నప్పుడు ముందు డెస్కు దగ్గర కూర్చోవాలని నేను పట్టుబట్టేది ఇందుకే.

ముందున్న దారులు

ఉన్న ఫోను యాప్‌లనే కంప్యూటర్లో నడపవచ్చని ఆఫీసులో ఒకరు సలహా ఇచ్చారు. ఆండ్రాయిడ్ ఎమ్యులేటర్లు ఉన్నాయి, నిజమే. కానీ 8 జీబీ మెమరీ ఉన్న కంప్యూటర్లో ట్యాలీ, బ్రౌజరు, ఎక్సెల్ తెరిచాక మిగిలేది కొద్దిగానే. దాన్ని ఒక స్విచ్చు కోసం ఎమ్యులేటర్‌కు ధారపోయడం అన్యాయం. విండోస్ 11లో ఆండ్రాయిడ్ యాప్‌లు నడిపేందుకు మైక్రోసాఫ్ట్ స్వయంగా ఇచ్చిన ఏర్పాటుకు మద్దతు 2025 మార్చి 5తో ముగిసింది. పైగా ఎమ్యులేటర్‌లో నడిపినా అది మళ్లీ అదే ఫోను యాప్. ఇంటర్నెట్ ఆగితే అదీ ఆగుతుంది.

పెద్ద కంపెనీలు ఈ విషయంలో తలో దారి పట్టాయి. ఆపిల్ తన హోమ్ యాప్‌ను 2018లో మొహావీ అనే సిస్టమ్ వెర్షనుతో మ్యాక్ కంప్యూటర్లకు తెచ్చింది. గూగుల్ తన వెబ్‌సైటులోనే కెమెరాలు చూసుకునే వీలు ఇచ్చింది. వేర్వేరు కంపెనీల సామానును ఒకేచోట నుంచి నడిపే సాఫ్ట్‌వేర్, నేను ఎక్కువగా వాడే హోమ్ అసిస్టెంట్‌కు ఆండ్రాయిడ్, ఐఫోను, మ్యాక్‌లకు అధికారిక యాప్‌లున్నాయి. విండోస్‌కూ లినక్స్‌కూ లేవు. ఈ మాట వినగానే చాలామంది క్లయింట్లు నిరాశపడతారు.

అయితే ఆ ఫోను యాప్ లోపల ఏముందో చూస్తే నిరాశ తగ్గుతుంది. 2013లో పౌలస్ షౌట్సెన్ మొదలుపెట్టిన హోమ్ అసిస్టెంట్ మొదటి నుంచీ ఇంట్లోని చిన్న కంప్యూటర్ మీద నడిచే సర్వరు. దాని ముఖం వెబ్ పేజీ. ఫోను యాప్‌లో మనం చూసే డ్యాష్‌బోర్డు కూడా అదే పేజీ. యాప్ దానికి చేర్చేది ఫోనుకు మాత్రమే ఉండే విషయాలను: మనిషి ఎక్కడున్నారు, ఛార్జింగ్ ఎంత ఉంది, తాళం వేసి ఉన్న తెర మీదికి కబురు ఎలా పంపాలి. కాబట్టి ఆ పేజీకే విండోస్ తొడుగు వేసి యాప్ అని పిలిస్తే కొత్తగా ఒరిగేదేమీ లేదు. అలాంటి తొడుగులను సాధారణంగా ఎలక్ట్రాన్ అనే సాధనంతో చేస్తారు. అందులో మొత్తం క్రోమియం బ్రౌజరే ఉంటుంది. అంటే పక్కన బ్రౌజరు తెరిచి ఉండగా ఇంకో బ్రౌజరును మెమరీలోకి ఎక్కించడమే.

సర్వరు ఎక్కడ ఉండాలి

ఇక్కడ కుటుంబంలో చర్చ గట్టిగానే జరిగింది. ఇంజినీరింగ్ చదువుతున్న మేనల్లుడు ఒకరు, "మావయ్యా, వేరే పెట్టె కొనడం ఎందుకు? ఆఫీసు కంప్యూటర్లోనే ఆ సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాల్ చేస్తే సరి" అన్నారు. డెస్క్‌టాప్ యాప్ అడిగేవారిలో చాలామంది మనసులో ఉండే బొమ్మ ఇదే: ఇంటిని నడిపే సాఫ్ట్‌వేరే తమ కంప్యూటర్లో ఉంటుందని. ఆఫీసు మూసి ఆ కంప్యూటర్ ఆపితే రాత్రంతా ఇల్లు మూగబోతుంది. ఇంటి తాళంచెవి ఆఫీసు బీరువాలో పెట్టి బీరువాకు తాళం వేసి వెళ్లినట్టు ఉంటుంది. విండోస్ అప్‌డేట్ వేసుకుని తనంతట తాను రీస్టార్ట్ అయినా అంతే.

రాత్రింబవళ్లు ఆన్‌లో ఉంచుతామంటే కరెంటు లెక్క చూడాలి. మామూలు డెస్క్‌టాప్ ఖాళీగా తిరుగుతూ 60 వాట్లు తింటుందనుకుంటే నెలకు 43 యూనిట్లు. రాస్ప్‌బెర్రీ పై 4 లాంటి చిన్న కంప్యూటర్ బోర్డుకు ఐదు వాట్ల లెక్కన నెలకు మూడున్నర యూనిట్లు. మాస్టారు ఆ రెండు అంకెలనూ కాగితం మీద తానే గుణించి చూసుకుని, చర్చ ముగించారు.

బోర్డు పెట్టాం. మెమరీ కార్డు మీద కాకుండా ఎస్‌ఎస్‌డీ మీద నడిపించాం. హోమ్ అసిస్టెంట్ రోజంతా రికార్డులు రాస్తూనే ఉంటుంది, చవక కార్డులు ఆ రాతకూ అర్ధాంతరంగా కరెంటు పోవడానికీ తట్టుకోలేవు. బోర్డు, రౌటర్, ఫైబర్ పెట్టె మూడింటినీ ఇన్వర్టర్ లైనుకు మార్చి, ఇన్వర్టర్ వెనక మీటను యూపీఎస్ స్థానంలో ఉంచాం. మామూలు స్థానంలో లైను మారేటప్పుడు పట్టే కొద్ది వ్యవధికే కొన్ని కంప్యూటర్లు రీస్టార్ట్ అవుతాయి.

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ విశాఖ దగ్గర తీరం దాటినప్పుడు విజయనగరం జిల్లాలోనూ కరెంటు స్తంభాలు కూలాయి. 2018 అక్టోబర్ 11న తిత్లీ శ్రీకాకుళం జిల్లా పలాస దగ్గర తీరం దాటి ఉద్దానాన్ని కుదిపేసింది. ఈ రెండు జిల్లాల్లో ఏ ఇంటికి వెళ్లినా "నెట్ లేకపోతే పనిచేస్తుందా?" అన్నది మొదటి ప్రశ్న. అది చాలా సరైన ప్రశ్న. సర్వరు ఇంట్లోనే ఉంటే దానికి జవాబు అవును.

మోటారు పని

పాత వైఫై స్విచ్చును మోటారు లైను నుంచి పూర్తిగా తీసేశాను. ఒక హెచ్‌పీ సబ్‌మెర్సిబుల్ మోటారు మొదలయ్యేటప్పుడు లాగే కరెంటుకు ఆ చిన్న స్విచ్చులోని రిలే పాయింట్లు కాలక్రమేణా అతుక్కుపోతాయి. అతుక్కుంటే తెర మీద "ఆఫ్" అని కనబడుతూనే మోటారు తిరుగుతుంది. దాని బదులు పెద్ద కరెంటును తట్టుకునే స్విచ్చు, అంటే కాంటాక్టరు పెట్టి, దాని కాయిల్‌ను మాత్రమే చిన్న రిలేతో నడిపించాం. అదే కాయిల్ లైనులో ట్యాంకులోని ఫ్లోట్ స్విచ్చును వరసగా కలిపాం. నీళ్లు నిండితే ఫ్లోట్ లేచి లైను తెగుతుంది, మోటారు ఆగుతుంది. సర్వరు, వైఫై, కంప్యూటర్ ఏవి పాడైనా నీళ్లు పొంగవు. ప్రమాదాన్ని ఆపే పనిని సాఫ్ట్‌వేర్‌కు అప్పగించకూడదన్నది నేను ఏ ఇంట్లోనూ సడలించని నియమం.

నీటిమట్టం తగ్గగానే మోటారు దానంతట అదే మొదలవ్వాలా? నేను అలాగే పెడదామన్నాను. మాస్టారు ఒప్పుకోలేదు. "వేసవిలో బోరు ఎక్కువసేపు తిరిగితే బురద నీళ్లు వస్తాయి నాయనా. మోటారు ఎవరో ఒకరు చెప్పాకే తిరగాలి." ఆయన మాట సబబైనదే. పైగా దానివల్లే కంప్యూటర్‌కు కబురు అందడమన్నది ఈ ఇంట్లో అలంకారంగా కాక అవసరంగా మారింది. మనిషి చెప్పాలంటే ముందు మనిషికి తెలియాలి కదా.

బ్రౌజరుతో ఎంతవరకు

సర్వరుకు రౌటర్‌లో స్థిరమైన అడ్రసు కేటాయించాం. హోమ్ అసిస్టెంట్ 8123 పోర్టులో దొరుకుతుంది. చివర "లోకల్" అని ఉండే పేరుతోనూ తెరుచుకోవాలి గానీ, అది కొన్ని రౌటర్ల దగ్గర మొండికేస్తుంది. అంకెల అడ్రసుకు ఆ బాధ లేదు. క్రోమ్‌లో ఆ పేజీకి షార్ట్‌కట్ చేసి, విడి కిటికీలో తెరుచుకునేలా పెట్టాం. ట్యాబులు ఉండవు, టాస్క్‌బార్‌లో తన సొంత గుర్తుతో కనబడుతుంది. సహాయకులు చూసి "యాప్ వచ్చేసింది కదండీ" అన్నారు. వాడేవారికి అది యాపే.

పేర్లన్నీ తెలుగులో పెట్టాం: మేడ మీద ట్యాంకు, వీధి గేటు, పూజగది లైటు. విండోస్‌లో ఇప్పుడు తెలుగు అక్షరాలు ఏ ఫాంటూ వేయకుండానే చక్కగా కనబడతాయి. మాస్టారు తన పాత లాప్‌టాప్‌లో ఆ పేజీ తెరిచి, పెద్ద అక్షరాలు చేసుకుని, ఒక్కో గది పేరూ పైకి చదివారు. ఆయనకు ఫోను తెర మీద చిన్న గుండీలు నొక్కడం కష్టం. ఈ పనిలో నాకు ఎక్కువ తృప్తినిచ్చింది అదే. పెద్ద తెర, మౌసు అలవాటైన పెద్దవారిని ఫోను యాప్‌లు పట్టించుకోవు.

సహాయకులకు విడిగా లాగిన్లు ఇచ్చాం, వారి డ్యాష్‌బోర్డులో ఆఫీసు సామాను మాత్రమే ఉంటుంది. ఇది సౌకర్యమే గానీ తాళం కాదని ఆవిడకు స్పష్టంగా చెప్పాను. డ్యాష్‌బోర్డులో దాచినంత మాత్రాన ఆ వస్తువు అందుబాటులో లేకుండా పోదు. వెనక తలుపు తాళం లాంటిది ఏదైనా పెడితే దాని గురించి అప్పుడు వేరేగా ఆలోచించాలి.

ఆటోమేషన్ నియమాలు రాయడానికి, సరిచూడడానికి కూడా బ్రౌజరే. అసలు ఆ పనికి కంప్యూటరే సరైన చోటు. ఫోనులో పది షరతులున్న నియమాన్ని వేలితో జరుపుతూ రాయడం కంటికీ చేతికీ శిక్ష.

బ్రౌజరు చేయలేనిది కబురు అందించడం దగ్గర మొదలైంది. బ్రౌజరు నోటిఫికేషన్లకైనా, మైకు వాడకానికైనా పేజీ హెచ్‌టీటీపీఎస్ అనే భద్రమైన పద్ధతి మీద ఉండాలి. ఇంట్లోని అంకెల అడ్రసు మామూలు హెచ్‌టీటీపీ. డొమైన్ పేరు తీసుకుని లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సంస్థ నుంచి ఉచిత సర్టిఫికెట్ తెచ్చుకోవచ్చు. నెలవారీ చందా కట్టి హోమ్ అసిస్టెంట్ క్లౌడ్ తీసుకున్నా ఆ చిక్కు తీరుతుంది. రెండూ మంచి దారులే. కానీ బ్రౌజరు నోటిఫికేషను బ్రౌజరు తయారీదారు సర్వరు మీదుగా వస్తుంది. ఇంటర్నెట్ లేని రోజున మేడ మీది ట్యాంకు కబురు కిందికి చేరదు. అది నాకు నచ్చలేదు.

కెమెరాలు

ఇది విడిగా చెప్పాలి. డెస్క్‌టాప్ యాప్ వైపు నిజమైన బలం ఉన్న చోటు ఇదే. రికార్డర్లు, కెమెరాలు ఆర్‌టీఎస్‌పీ అనే పద్ధతిలో వీడియో పంపుతాయి. దాన్ని బ్రౌజర్లు నేరుగా చూపలేవు. గో2ఆర్‌టీసీ అనే ప్రోగ్రాము దాన్ని బ్రౌజర్లు చూపగల వెబ్‌ఆర్‌టీసీగా మార్చి ఇస్తుంది. ఇప్పుడది హోమ్ అసిస్టెంట్‌లో భాగంగానే వస్తోంది. ఇక్కడి కెమెరాలు చోటు ఆదా కోసం హెచ్.265 అనే కుదింపు పద్ధతిలో రికార్డు చేస్తున్నాయి. ఆ వీడియో అన్ని బ్రౌజర్లలో, అన్ని పాత కంప్యూటర్లలో ఆడదు. కాబట్టి గేటు కెమెరా రెండో ప్రవాహాన్ని దాదాపు అన్నిచోట్లా ఆడే పాత పద్ధతి హెచ్.264కు మార్చి, తక్కువ పరిమాణంలో డ్యాష్‌బోర్డుకు ఇచ్చాం. రికార్డింగు మాత్రం హెచ్.265లోనే సాగుతోంది. గేటు బొమ్మ ఆలస్యం లేకుండా వస్తోంది.

కానీ నిన్న సాయంత్రం బండి ఎవరు జరిపారో వెతకాలంటే, నాలుగు కెమెరాలను పక్కపక్కన పెట్టి కాలాన్ని ముందుకూ వెనక్కూ జరపాలంటే రికార్డరు కంపెనీ ఇచ్చిన విండోస్ సాఫ్ట్‌వేరే హాయి. అది కంప్యూటర్ గ్రాఫిక్స్ శక్తిని నేరుగా వాడుకుంటుంది, హెచ్.265ను తడబడకుండా ఆడిస్తుంది. దాన్ని తీసేయలేదు. అవసరమైనప్పుడు తెరుచుకునేలా ఒక కంప్యూటర్లో ఉంచాం.

సహాయక ప్రోగ్రాము

మిగిలిన అవసరాలకు హాస్ ఏజెంట్ వాడాను. ఇది విండోస్‌లో గడియారం పక్కన చిన్న గుర్తుగా కూర్చునే ఉచిత ప్రోగ్రాము. హోమ్ అసిస్టెంట్ బృందానిది కాదు. వేరొకరు రాసింది, తర్వాత ఔత్సాహికుల బృందం కొనసాగిస్తోంది. ఇది ఇంటిని కంప్యూటర్లో చూపించడం కోసం కాదు, కంప్యూటర్‌ను ఇంటికి చూపించడం కోసం ఉంది. కంప్యూటర్ లాక్ అయి ఉందా, కీబోర్డు చివరిసారి ఎప్పుడు కదిలింది అన్న వివరాలు సర్వరుకు పంపుతుంది. సర్వరు నుంచి వచ్చిన కబురును తెర మూల చూపుతుంది. నిద్రపొమ్మంటే నిద్రపోతుంది. ఇదంతా ఇంటి నెట్‌వర్క్ లోపలే జరుగుతుంది.

ఇప్పుడు ట్యాంకు అడుగంటితే ఆవిడ తెర కుడి మూలన చిన్న పెట్టె వస్తుంది: "మేడ మీద ట్యాంకులో నీళ్లు తగ్గాయి." కింద రెండు గుండీలు, "మోటారు వేయి", "తర్వాత". ఎదుటి క్లయింటుతో మాట ఆపకుండానే ఆవిడ ఒక్కసారి నొక్కుతారు. జవాబు రాకపోతే కాసేపటికి అదే కబురు మాస్టారి లాప్‌టాప్‌కు వెళ్తుంది. ఇందుకు విండోస్‌లో రెండు చోట్ల చూసుకోవాలి. ఫైర్‌వాల్ ఈ ప్రోగ్రామును అడ్డుకోకూడదు. నోటిఫికేషన్లను ఆపి ఉంచే ఏర్పాటులో దీన్ని ముఖ్యమైన వాటి జాబితాలో చేర్చాలి, లేకపోతే పని వేళల్లో కబుర్లు చప్పుడు లేకుండా పక్కకు పోతాయి.

ఏసీ తేలికగా అయింది. మూడు కంప్యూటర్లూ ఇరవై నిమిషాలుగా లాక్ అయి ఉంటే ఆఫీసులో ఎవరూ లేనట్టే. అప్పుడు రిమోటు సంకేతం పంపే చిన్న పరికరం ఏసీని ఆపుతుంది, ప్లగ్గులోని మీటరు చూసి నిజంగా ఆగిందో లేదో తేల్చుకుంటుంది. మనుషుల కదలికను పట్టే సెన్సార్ కొనాల్సిన పని తప్పింది. అసలు కదలకుండా కూర్చుని లెక్కలు చూసేవారి గదిలో ఆ సెన్సార్లు నమ్మకంగా పనిచేయవు.

ఎక్కువ శ్రద్ధ పెట్టాల్సి వచ్చింది కరెంటు పోయినప్పటి వరస మీద. ముందుగా కరెంటు పోయిందని సర్వరుకు తెలియాలి. ఇన్వర్టర్ లేని లైనులోని జిగ్బీ ప్లగ్గు (రేడియో ద్వారా సర్వరుతో మాట్లాడేది) కనబడకుండా పోవడాన్ని గుర్తుగా తీసుకుంటారు కొందరు. కానీ అది పోయిందని సర్వరు నిర్ధారించుకోవడానికి నిమిషాలు పడుతుంది, కొన్ని అమరికల్లో గంటలు. నేను 230 వోల్టుల కాయిల్ ఉన్న రిలేను మెయిన్ లైనుకు కలిపి, దాని పాయింట్లను ఇన్వర్టర్ మీద నడిచే ఈఎస్‌పీ32 అనే చిన్న వైఫై బోర్డుకు ఇచ్చాను. కరెంటు పోగానే రిలే పడిపోతుంది, సర్వరుకు వెంటనే తెలుస్తుంది.

ఆ తర్వాత మూడు తెరల మీదా కబురు: కరెంటు పోయింది, పని సేవ్ చేసుకోండి. ఇరవై నిమిషాల్లో కరెంటు రాకపోతే సహాయకుల కంప్యూటర్లు రెండూ ముందు హైబర్నేట్ అవుతాయి. ట్యాలీ డేటా ఉన్న ఆవిడ కంప్యూటర్ ఆఖరున. ఈ వరస తిరగబడితే ఎంట్రీ మధ్యలో డేటాతో సంబంధం తెగిపోతుంది. లెక్కల ఫైళ్లు పాడయ్యేది సరిగ్గా అలాంటప్పుడే. షట్‌డౌన్ కాకుండా హైబర్నేట్ ఎంచుకున్నదీ అందుకే. మెమరీలో ఉన్నది డిస్కు మీదికి చేరుతుంది, తిరిగి ఆన్ చేస్తే పని ఆపిన చోటే ఉంటుంది. చాలా డెస్క్‌టాప్‌లలో ఈ సదుపాయం కనబడకుండా ఉంటుంది, ముందుగా ఆన్ చేసుకోవాలి. ఏ వెబ్ పేజీ అయినా ఈ పని చేయలేదు. కంప్యూటర్‌ను నిద్రపుచ్చే అధికారం బ్రౌజరుకు ఉండదు, ఉండకూడదు కూడా.

అదే అధికారం వల్ల భయమూ ఉంది. ఆ కంప్యూటర్లలో వందల మంది పాన్ వివరాలు, బ్యాంకు కాగితాలు ఉన్నాయి. హాస్ ఏజెంట్‌తో సర్వరు నుంచి ఏ ఆజ్ఞనైనా నడిపించేలా పెట్టుకోవచ్చు. ఇక్కడ లాక్, హైబర్నేట్ రెండే ఇచ్చాం, మిగతావి నిర్వచించనే లేదు. కంప్యూటర్లు సర్వరుతో మాట్లాడే మార్గమైన ఎంక్యూటీటీకి ఒక్కో కంప్యూటర్‌కు వేరే పేరు, వేరే పాస్‌వర్డు. బయటి నుంచి సర్వరుకు దారి తెరవలేదు. పన్ను ఆఫీసులో సౌకర్యం కోసం ఇంతకంటే ఎక్కువ ఇవ్వమని ఎవరైనా అడిగితే నేను చేయను.

వాడకంలోకి వచ్చాక

ఆవిడ డ్యాష్‌బోర్డు కిటికీని తెరిచేది అరుదు. పనంతా తెర మూలకు వచ్చే కబుర్లతోనే సాగుతోంది. ఏ యాప్ మంచిదని మొదట అడిగిన మనిషికి చివరికి యాప్ కిటికీయే అవసరం పడలేదు. ఆ పేజీని ఇష్టంగా వాడేది మాస్టారు. పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం రోజున ఊరంతా కిక్కిరిసి, ఫోనులో డేటా నత్తనడక నడిచింది. ఆయన ఇంట్లో కూర్చుని లాప్‌టాప్‌లో గేటు కెమెరా చూస్తూ, వచ్చే బంధువులకు లైటు వేస్తూ ఉన్నారట. సర్వరు ఇంట్లో ఉండడం వల్లే అది కుదిరింది.

ఇతర ఇళ్లలో నా సలహా మారుతుంది. మ్యాక్ వాడేవారికి అధికారిక యాప్ ఉంది, కబుర్లు, కంప్యూటర్ వివరాలు అందులోనే కలిసి వస్తాయి కాబట్టి అదే పెట్టుకోమంటాను. కాపలాదారు రాత్రంతా ఒకే తెర చూస్తూ కూర్చునే చోట, జీడిపప్పు గోదాము లాంటివాటిలో, రికార్డరు కంపెనీ డెస్క్‌టాప్ సాఫ్ట్‌వేర్ తప్పదు. ఫోను యాప్ తప్ప వెబ్ పేజీ కూడా ఇవ్వని కంపెనీ స్విచ్చులను కంప్యూటర్ ముందు పనిచేసేవారికి నేను సిఫారసు చేయను, ధర ఎంత తక్కువైనా సరే. కొనేటప్పుడు దుకాణంలో అడగవలసింది విండోస్ యాప్ ఉందా అని కాదు. ఇంటర్నెట్ తీగ పీకేసినా ఇది ఇంట్లోంచి పనిచేస్తుందా, హోమ్ అసిస్టెంట్ లాంటివాటికి లొంగుతుందా అని అడగాలి.

తోటపాలెంలో ఇంకా చేయాల్సిన పని ఒకటి ఉంది. కరెంటు పోయాక కంప్యూటర్లు ఆగేందుకు ఇచ్చిన ఇరవై నిమిషాల గడువు అన్నది ప్రస్తుతానికి కాలాన్ని బట్టి పెట్టింది, బ్యాటరీని బట్టి కాదు. లెడ్ ఆసిడ్ బ్యాటరీ మీద కరెంటు వాడకపు భారం ఉన్నప్పుడు వోల్టేజీ కిందికి దిగి, భారం తీయగానే పైకి లేస్తుంది. ఆ అంకెను నమ్మి కంప్యూటర్లను ఆపితే కొన్నిసార్లు మరీ ముందుగా, కొన్నిసార్లు మరీ ఆలస్యంగా ఆగుతాయి. బ్యాటరీ తీగలో కరెంటును కొలిచే షంట్ పెట్టి, లోపలికి వెళ్లిన కరెంటు, బయటికి వచ్చిన కరెంటు లెక్కగట్టాలి. అది పెట్టాక గడువును బ్యాటరీయే నిర్ణయిస్తుంది, కంప్యూటర్లు ఆగే వరస మాత్రం ఇప్పుడున్నదే ఉంటుంది.